పురుషోత్తమోసారస్ బెజవాడెన్సిస్

పాతికేళ్ళు నిండకముందే నేను బ్రహ్మదేవుడికి తెలియకుండా ఒక జంతువును సృష్టించాను. దానికి తోక పెట్టాను, తుంటి పెట్టాను, మేత పెట్టాను, పేరు కూడా పెట్టాను. అది బతికినన్నాళ్ళూ నన్ను బెజవాడ వీథుల్లో భుజాల మీద మోసింది. చచ్చేటప్పుడు మాత్రం నిండు సభలో, కమిటీ ప్రెసిడెంటుగారి కళ్ళముందు, మెడలో బంతిపూల దండ ఉండగా దబ్బున కింద పడేసింది. ఎలా పడ్డానో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. అప్పుడు నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే.

మాది మంగళగిరి. మా నాన్న మగ్గం మీద చీరలు నేసేవారు. ఇంటిల్లిపాదీ శాకాహారులం. నన్ను మాత్రం మగ్గం గుంటలో దించకుండా మద్రాసు పంపి నేచురల్ సైన్సు చదివించారు. అక్కడ కాలేజీలో అంతరించిపోయిన జంతువుల పాఠం పొద్దున్నే జరిగేది, రాళ్ళ పాఠం మధ్యాహ్నం భోజనమయ్యాక జరిగేది. హాస్టలు సాంబారు ఎరిగినవారికి మిగతాది చెప్పనక్కరలేదు. నాకు జంతువులన్నీ వచ్చాయి. అవి దొరికే రాళ్ళు మాత్రం నిద్రలో కలిసిపోయాయి.

యుద్ధం రోజుల్లో బెజవాడలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరాను. ఉద్యోగం టెంపరరీ. ఖాయం చేయడమా, ఇంటికి పంపడమా అన్నది వేసవి సెలవుల ముందు కమిటీ తేల్చాలి. అప్పటికే తెనాలిలో ఒక సంబంధం చూశారు. అమ్మాయి నాకు నచ్చింది, నేను అమ్మాయికి నచ్చాను. అమ్మాయి తండ్రికి మాత్రం టెంపరరీ అన్న మాట నచ్చలేదు. "ఉద్యోగం ఖాయమయ్యాక కబురు చెయ్యండి" అని మర్యాదగా కాఫీలిచ్చి పంపారు. అదీ నా పరిస్థితి. ఏదో ఒక ఘనకార్యం చేసి కమిటీ కళ్ళలో పడాలని నేను తహతహలాడుతున్నాను.

ఆ ఏడాదే స్కూల్లో కొత్త హాలు కట్టారు. యుద్ధం వల్ల సిమెంటు దొరకడం లేదు. మా హెడ్మాస్టరు పురుషోత్తంగారు ఎక్కడెక్కడో తిరిగి, పాత ఊళ్ళో కూలగొట్టిన ఒక కట్టడంలోంచి నాపరాళ్ళు చవగ్గా తెచ్చి హాలంతా పరిపించారు. మిగిలిన ఒక బండను నా సైన్సు గది గోడకు ఆనించి పెట్టారు.

ఒక రోజు ఆ బండ పక్కన నిలబడి చేతులు కడుక్కుంటుంటే దాని అంచు మీద నా చూపు పడింది. అక్కడ తెల్లటి పెచ్చు ఒకటి గట్టిగా అంటుకుని ఉంది. పెచ్చు మీద అక్కడక్కడ ఎర్రటి మరకలు. అందులో చిన్న ఎముక ముక్క, దాని మీద వరసగా పళ్ళు!

భూతద్దం తెచ్చి చూశాను. ఒక్కో పన్నూ కందిబద్దంత ఉంది. మొదలు దగ్గర సన్నగా, నడుమ వెడల్పుగా, కొసన మళ్ళీ సన్నగా, అచ్చం ఆకులా ఉంది. అంచులకు వేపాకుకు ఉన్నట్టు గాట్లు. కొసలు నున్నగా అరిగి ఉన్నాయి. నా గుండె మిల్లు ఇంజనులా కొట్టుకుంది. ఎందుకంటే నాకు మెలకువగా ఉండి విన్న పాఠం గుర్తుకొచ్చింది. డైనోసార్లంటే ఏనుగుల్ని మింగే రాక్షసులే కాదు. తొలిరోజుల్లో మేకంత శాకాహారులు కూడా ఉండేవి. వెనక కాళ్ళ మీద పరుగెత్తుతూ ఆకులు మేసేవి. వాటి పళ్ళు ఆకుల్లాగే ఉండేవి, అంచులకు గాట్లుండేవి, నమిలి నమిలి అరిగేవి. ఇంకేం కావాలి? నాకైతే ఇంకేమీ అక్కరలేకపోయింది.

హెడ్మాస్టరుగారి గదిలోకి పరుగెత్తాను.

"సార్! డైనోసార్!"

ఆయన రెండు కాళ్ళూ పైకెత్తి కుర్చీలో పెట్టుకున్నారు. "ఎక్కడయ్యా? ముందు గేటు వెయ్యమను!"

"ఇప్పటిది కాదండీ. కోట్ల ఏళ్ళ కిందటిది. ఒక రకం బల్లి అనుకోండి."

"బల్లా? ఎవరి మీద పడింది? కుడి భుజమా, ఎడమ భుజమా?"

ఆయన్ని కాళ్ళు దింపించి, బండ దగ్గరికి తీసుకెళ్ళి, భూతద్దం చేతికిచ్చి విషయం బోధపరిచేసరికి బెల్లు కొట్టారు. ఆయన చాలాసేపు చూశారు. పళ్ళు చూశారో, తన కంటి రెప్పలే చూసుకున్నారో తెలియదు.

"అయితే ఇది ప్రపంచంలో ఎక్కడా లేదంటావా?"

"లేదండీ. దీనికి మనమే పేరు పెట్టాలి."

"నీ పేరే పెట్టుకో, కోటేశ్వరరావూ. కనుక్కుంది నువ్వేగా."

"సొంత పేరు పెట్టుకోకూడదండీ. పెద్దల పేరు పెట్టడం మర్యాద. ఈ రాళ్ళు తెప్పించింది మీరు. అంచేత, మీరు ఏమీ అనుకోనంటే, పురుషోత్తమోసారస్. దొరికిన ఊరు కూడా కలపాలి గనక, పురుషోత్తమోసారస్ బెజవాడెన్సిస్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అయినా జాగ్రత్త గల మనిషి.

"కరిచే రకం కాదు గదా?"

"అబ్బే! శుద్ధ శాకాహారండీ."

"అయితే పెట్టు!"

ఆ సాయంత్రానికి స్టాఫ్ రూములో నేను నేల మీద నడవడం మానేశాను. నన్ను కిందకు లాగాలని చూసినవారు ఒక్కరే, తెలుగు పండితులు శేషాచార్యులుగారు. ఆయన పొడుం పీల్చి, మెల్లిగా అడిగారు.

"ఏమోయ్, మీ శాస్త్రంలో వీటికి గోత్రాలున్నాయా?"

"గోత్రాల్లాంటివే ఉన్నాయండీ. తుంటి ఎముకను బట్టి రెండు వర్గాలు. తుంటి బల్లికి ఉన్నట్టుంటే ఒక వర్గం, పక్షికి ఉన్నట్టుంటే ఇంకో వర్గం. మనది పక్షితుంటి వర్గం."

"ఓహో. తుంటి దొరికిందన్నమాట."

"తుంటి దొరకలేదండీ. పళ్ళు దొరికాయి."

"పళ్ళు చూసి తుంటి చెప్పావా?"

"అదే శాస్త్రం గొప్పతనం."

"అయితే నాకో ఉపకారం చెయ్యి. మా అత్తగారి కట్టుడుపళ్ళు తెచ్చిస్తాను. ఆవిడ తుంటి నొప్పి ఎందుకు తగ్గడం లేదో చెబుదువుగాని."

"మీ అత్తగారి వర్గం వేరండీ."

"అది మాత్రం నిజం," అని ఆయన ఇంకో పట్టు పొడుం పీల్చారు. "ఆవిడది వేరే వర్గమే."

అందరూ నవ్వారు. నేను అసూయ అనుకున్నాను. నిజానికి ఆయన అడిగింది అడగవలసిన ప్రశ్నే. పూర్వం ఇంగ్లండులో ఇలాగే ముందు పళ్ళు దొరికి, తరవాత ఎముకలు దొరికిన ఒక జంతువుకు, బొటనవేలి ఎముకను తీసుకెళ్ళి ముక్కు మీద కొమ్ములా తగిలించారట. ఆ పాఠం నేను మెలకువగానే విన్నాను, పగలబడి నవ్వాను కూడా. అటువంటి గతి నాకు పడుతుందని మాత్రం తోచలేదు.

హెడ్మాస్టరుగారు ఊరుకోలేదు. తన పేరిటి జంతువు ఎలా ఉంటుందో అందరికీ తెలియాలని కొండపల్లిలో బొమ్మ చేయించమన్నారు. నేను స్వయంగా వెళ్ళి, కాగితం మీద గీసి, బొమ్మలు చేసే అప్పారావుగారికి వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"ఇది ఏ దేవుడి వాహనమండీ?"

"వాహనం కాదండీ. జంతువు."

"పేరు?"

చెప్పాను.

"పురుషోత్తంగారంటే మీ హెడ్మాస్టరుగారేగా? ఆయన మా ఊరు పెళ్ళికొచ్చారు, నేనెరుగుదును. మీరు నిశ్చింతగా వెళ్ళండి."

బొమ్మ వచ్చింది. ఒళ్ళు చిలకపచ్చ, కాళ్ళు ఎరుపు, తోక పసుపు. ముఖానికి మాత్రం గుబురు మీసం, నుదుట నిలువు నామం. అచ్చం మా హెడ్మాస్టరుగారు తోకతో పుడితే ఎలా ఉంటారో అలా ఉంది. నేను భయపడుతూ ఆయన ముందు పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ముఖంలో కళ ఉందయ్యా" అన్నారు.

ఇక మిగిలింది లోకానికి చాటడం. మద్రాసులోనే ఇంకో కాలేజీలో రాళ్ళ శాస్త్రం చెప్పే ఒక పెద్ద ప్రొఫెసరుగారు హైదరాబాదు వైపు గనులకు వెళుతూ బెజవాడలో బండి మారతారని తెలిసింది. హెడ్మాస్టరుగారు మనిషిని పంపి బతిమాలించారు. రెండు బళ్ళ మధ్య ఖాళీలో వచ్చి చూసిపోతానని ఆయన ఒప్పుకున్నారు. కొత్త హాల్లోనే సభ. కమిటీ ప్రెసిడెంటు నరసింహంగారు అధ్యక్షులు. ఆయన పెద్ద బట్టల వ్యాపారి, మహా ఆచారపరులు. బయట కాఫీ తాగవలసి వస్తే కాఫీని కాదు, కప్పును చూసి భయపడే మనిషి. "సభ సవ్యంగా జరిగితే అక్కడికక్కడే నీ ఉద్యోగం ఖాయం చేయిస్తాను," అని హెడ్మాస్టరుగారు నా భుజం తట్టారు. నేను తెనాలి వైపు తిరిగి మనసులో ఒక నమస్కారం పెట్టాను.

సభ రోజున హాలు నిండింది. జనమంతా నాపరాళ్ళ నేల మీద బారులు తీరి కూర్చున్నారు. వేదిక మీద బల్ల, బల్ల మీద మా నాన్న నేసిన జరీ ఉత్తరీయం, ఉత్తరీయం మీద పళ్ళున్న బండ. ప్రొఫెసరుగారు వచ్చారు. సన్నటి మనిషి, మెడలో దారానికి వేలాడే చిన్న భూతద్దం. మాటను బట్టి నరసాపురం వైపు వారని తెలిసిపోతోంది.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. కోట్ల ఏళ్ళ కిందట ఇప్పటి బెజవాడ ఉన్నచోట పురుషోత్తమోసారస్ మందలు మందలుగా మేసిందన్నాను. ఇంద్రకీలాద్రి పక్కన పరుగులు తీసిందన్నాను. "సాధువు, శాకాహారి, పిల్లల్ని ప్రేమించేది" అన్నాను. ఆఖరుది పళ్ళను బట్టి ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. పెచ్చు మీది ఎర్రటి మరకలు ఆనాటి నదుల్లోని ఇనుము అన్నాను. చప్పట్లు మోగాయి. దండ వేశారు.

ప్రొఫెసరుగారు లేచి బండ దగ్గరికి వెళ్ళారు. ముందు పళ్ళను కాదు, బండను తడిమి చూశారు.

"ఇది పల్నాటి నాపరాయి కాదూ?"

"అవునండీ," అన్నాను ఉత్సాహంగా.

"దీని వయసెంతో తెలుసా?"

"చాలా పాతదండీ."

"చాలా అంటే, ఈ రాయి పుట్టేనాటికి భూమ్మీద పన్నున్న ప్రాణి అనేదే ఇంకా పుట్టలేదు."

నా కాళ్ళ కింద ఏదో కదిలింది. హెడ్మాస్టరుగారు మాత్రం ఒక్క ఉదుటున లేచారు.

"విన్నారా! అందరికన్నా మనదే ముందు పుట్టిందన్నమాట!"

మళ్ళీ చప్పట్లు. ప్రొఫెసరుగారు చప్పట్లు ఆగేదాకా ఓపిక పట్టి, జేబులోంచి చిన్న చాకు తీసి పెచ్చును గీరారు. పొడి రాలింది. వాసన చూశారు.

"ఇది రాయి కాదు మాస్టారూ, సున్నం. బండకీ బండకీ మధ్య వేసిన సున్నం. సరే, సున్నంలో పసుపు కలిస్తే ఏ రంగొస్తుంది?"

నేను నోరు తెరిచే లోపే ఆడవాళ్ళ వైపు నుంచి నాలుగైదు గొంతులు, "పారాణి రంగు!" అన్నాయి.

"అదీ మీ ఇనుము."

శేషాచార్యులుగారు కూర్చున్నచోటి నుంచే, "పారాణి పెట్టుకుందంటే పెళ్ళిలో పోయిందేమో పాపం," అన్నారు.

ప్రొఫెసరుగారు భూతద్దంలోంచి పళ్ళను చూశారు. ఆయన ముఖంలో మొదటిసారి చిరునవ్వు కనిపించింది. ఆ నవ్వు చూసి నాకు ఆశ పుట్టింది.

"ఇవి నోట్లో పళ్ళు కావు. గొంతులో పళ్ళు."

"గొంతులో పళ్ళుంటాయా అండీ?"

"ఉంటాయి. గాట్లంటారా, చాకు తగిలి విరిగిన అంచులవి. ఏం మాస్టారూ, కృష్ణ ఒడ్డున ఉంటూ మీకు శీలావతి తెలియదా?"

నిజంగానే నాకు తెలియదు. "శీలావతి ఎవరండీ?" అన్నాను.

హాలు వెనక వైపు నుంచి ఒక నవ్వు లేచి, ముందు వరసల దాకా పాకింది. హెడ్మాస్టరుగారికీ తెలియలేదు. ఆయన గంభీరంగా, "మా స్కూల్లో ఆ పేరు గల పిల్లలెవరూ లేరండీ," అన్నారు.

"స్కూల్లో కాదండీ. కృష్ణలో."

"అయ్యయ్యో! ఎప్పుడు పడిపోయింది?" అన్నాను నేను.

"పడిపోలేదు మాస్టారూ. వలలో పడింది. పోయినేడో అంతకు ముందేడో పులుసులో పోయుంటుంది. శీలావతి అంటే చేప!"

ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. హాలు పైకప్పు కొత్తది కాబట్టి నిలిచింది. ప్రొఫెసరుగారు నా అవస్థ చూసి జాలిపడ్డట్టున్నారు, చెయ్యెత్తి జనాన్ని ఆపారు.

"నవ్వకండి. ఒక్క విషయంలో ఈయన చెప్పింది అక్షరాలా నిజం. ఇది శాకాహారే. నాచు తిని బతుకుతుంది."

అంతటితో ఆగినా బాగుండేది. ప్రెసిడెంటు నరసింహంగారు నవ్వలేదు. ఆయన ముఖంలో ఒక ఆలోచన మెల్లమెల్లగా మెట్లెక్కుతోంది.

"పురుషోత్తంగారూ, చేప ముల్లు ఈ బండకెలా అంటుకుంది?"

హెడ్మాస్టరుగారు దగ్గారు.

"ఈ రాళ్ళు ఎక్కడివి?"

ఇంకా గట్టిగా దగ్గారు. మంచినీళ్ళిచ్చారు. తాగారు. చివరికి గొంతు బాగా తగ్గించి, "పాత ఊళ్ళో... ఒక మిలిటరీ హోటలు... మాంసం వండిన వంటిల్లండీ," అన్నారు.

కింద కూర్చున్న జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. నిలబడినా కాళ్ళు ఆ రాళ్ళ మీదే ఉన్నాయని కొందరికి తట్టి, కాలు మార్చి కాలు ఎత్తసాగారు. హాలంతా కొంగలబారులా తయారైంది. ప్రెసిడెంటుగారి పరిస్థితి మరీ ఘోరం. హాలు ప్రారంభించిన రోజున ఆయనే ఆ నేల మీద మఠం వేసుకుని కూర్చుని సత్యనారాయణ వ్రతం చేసి, విస్తరి వేసుకుని పులిహోర తిన్నారు. రెండోసారి వడ్డించుకున్నారు కూడా. ఆయన ఒకసారి నేలను చూశారు, ఒకసారి జనాన్ని చూశారు. తరవాత లేచి, "ఇవాళ్టి సభ మిక్కిలి విజ్ఞానదాయకంగా జరిగింది," అని వందన సమర్పణ కూడా తానే చేసి, మునివేళ్ళ మీద నడుస్తూ బయటికి వెళ్ళిపోయారు.

నేను దండ తీసి బండ మీద పెట్టి, బండకున్న పళ్ళ పెచ్చు ఊడదీసి జేబులో వేసుకుని, దొడ్డిదారిన స్టేషనుకు నడిచాను. ఏ బండి ముందొస్తే అదెక్కి పోదామని నా ఉద్దేశం. ప్లాట్‌ఫారం మీద బెంచీలో ప్రొఫెసరుగారే కూర్చుని ఇడ్లీ తింటున్నారు. వెనక్కి తిరగబోయాను. ఆయన పిలిచారు.

"రండి మాస్టారూ. ఎక్కడికి ప్రయాణం?"

"పారిపోతున్నానండీ."

"ఏ ఊరు?"

"ఇంకా అనుకోలేదండీ."

"అయితే కూర్చోండి. అనుకున్నాక వెళ్ళవచ్చు." ఒక ఇడ్లీ నా వైపు జరిపారు. "పన్ను అరుగుదల చూసి మేత చెప్పారే, అది బాగుంది. మా కుర్రాళ్ళలో చాలామందికి అది చేతకాదు. అంత చక్కగా చూసేవారు చుట్టూ ఉన్నది కూడా ఒకసారి చూడాలి గదా. పళ్ళు ఒక్కటే రావు. వాటితో ఒక రాయి వస్తుంది, ఒక చోటు వస్తుంది, ఆ చోట ఏం జరిగిందో అదీ వస్తుంది. అవన్నీ కలిపి అడిగితే తప్ప పన్ను నిజం చెప్పదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారప్పొడి వల్లనే అనుకోండి. ఆయన ఆ పెచ్చు తమకివ్వమని అడిగారు. "ప్రతి ఏడూ కొత్తగా చేరినవాళ్ళకి ముందు ఇదే చూపిస్తాను. మీ పేరు చెప్పనులెండి." ఇచ్చేశాను. ఆయన బండి వచ్చింది. ఎక్కాక కిటికీలోంచి, "ఇంటికి వెళ్ళండి మాస్టారూ," అన్నారు. వెళ్ళాను.

సోమవారం పొద్దున హెడ్మాస్టరుగారు పిలిచారు. ఊస్టింగు ఆర్డరే అనుకుని పెట్టె సర్దుకునే వెళ్ళాను. ఆయన తలుపు వేశారు.

"నీ ఉద్యోగం ఖాయమైంది."

నాకు సరిగ్గా వినబడలేదేమో అనుకున్నాను.

"ప్రెసిడెంటుగారే చెప్పారయ్యా. నిన్ను తీసేస్తే ఎందుకు తీశారని ఊరు అడుగుతుంది. అడిగితే రాళ్ళ మాట వస్తుంది. రాళ్ళ మాట వస్తే పులిహోర మాట వస్తుంది. అంచేత నువ్వు ఇక్కడే ఉండాలి, నోరు మూసుకుని ఉండాలి. సరేనా?"

"సరేనండీ."

ఆయన తలుపు తీయబోయి ఆగారు.

"ఇంతకీ ఆ పేరు... ఉన్నట్టా, పోయినట్టా?"

"పోయినట్టేనండీ. ఆ జంతువుకు ముందే ఒక పేరుంది."

"పోనీలే," అని ఆయన నిట్టూర్చారు. "శీలావతి. అదీ గౌరవమైన పేరే."

తెనాలి కబురు వెళ్ళింది, లగ్నం కుదిరింది, పిల్లలు పుట్టారు. ఇప్పుడు ప్రెసిడెంటుగారూ లేరు, హెడ్మాస్టరుగారూ లేరు, ఆ హాలూ లేదు గనక నోరు విప్పాను. ఆనాడు స్టేషను నుంచి తిరిగొస్తూ, కుడిచేయి ఎత్తి, ఎడమచేయి గుండె మీద పెట్టుకుని ఒక ఘోర ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఇక దేనికీ పేరు పెట్టను. మాట తప్పలేదు. పిల్లలకు పేర్లు మా ఆవిడ పెట్టింది. ఆవుదూడకు పాలేరు పెట్టాడు. ఇన్నేళ్ళ కాపురంలో, ఎంత ఉప్పు పడినా ఎంత మాడినా, మా ఆవిడ వంటకు సైతం నేను పేరు పెట్టలేదు.